కొని తెచ్చుకున్న ఆటలమ్మ

యాభై రెండేళ్ళ మగవాడు తన మొహం గురించి బెంగపెట్టుకోకూడదని ఏ శాస్త్రంలోనూ రాసి లేదు. రాసి ఉంటే మా ఆవిడ ఈపాటికి వెతికి చూపించేది. అయినా ఆ బెంగ బయటికి చెప్పుకునే వీలు మన సంసారాల్లో ఉండదు. మోకాలు నొప్పంటే ఇంటిల్లిపాదీ జాలిపడతారు. షుగరంటే తలా ఒక కషాయం చెప్తారు. బుగ్గల మీద గుంటలంటే మాత్రం ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. నా మొహం ఎవరూ చూడరు.

ఆ గుంటలు రెండు విడతల్లో సంపాదించినవి. మొదటి విడత ఎనిమిదో తరగతిలో, ఆటలమ్మ పోసినప్పుడు. గోకొద్దురా, మచ్చలు పడతాయని అమ్మ నా చేతులకు పాత పంచె గుడ్డలు చుట్టి ముడేసింది. ఆవిడ కునుకు తీసిన సమయం చూసి ఆ ముళ్ళు పళ్ళతో విప్పుకుని తనివితీరా గోక్కున్నాను. రెండో విడత ఇంటర్లో మొటిమల పుణ్యం. వాటిని గిల్లడానికి మా లెక్కల మేస్టారి క్లాసులో కావలసినంత తీరిక దొరికేది. డాక్టర్ల లెక్కలో ఇలాంటి గుంటలు మూడు రకాలు. సూది గుచ్చినట్టు లోతుగా దిగేవి ఐస్‌పిక్, అంచులు నిట్టనిలువుగా ఉండేవి బాక్స్‌కార్, అలలుగా పరుచుకునేవి రోలింగ్. ఏదో ఒక రకంతో సరిపెట్టుకునే మనిషిని కాను నేను. మూడూ ఉన్నాయి.

ముప్పై అయిదేళ్ళపాటు వాటితో నాకు పేచీ రాలేదు. పేచీ పెట్టింది మా అమ్మాయి పెళ్ళి కరిజ్మా ఆల్బమ్. ఫొటోగ్రాఫరు కుర్రాడు పెళ్ళికూతుర్ని నున్నగా చేస్తూ చేస్తూ, ఆ ఊపులో కన్యాదానం చేస్తున్న నన్నూ నున్నగా చేసేశాడు. ఆ పేజీలో పట్టుపంచె కట్టుకుని, వెన్నముద్ద బుగ్గలతో ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. మా ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, "ఈయనెవరండీ, వియ్యాలవారి వైపా?" అంది. వేళాకోళానికి అనలేదు. నిజంగానే అడిగింది.

నాకు ఆయన నచ్చాడు. రాత్రిళ్ళు అందరూ పడుకున్నాక ఆల్బమ్ తీసి ఆయన్ని చూసుకునేవాణ్ణి. ఇలా ఇంకో స్త్రీ ఫొటో చూసుకుని ఉంటే మా ఆవిడ అర్థం చేసుకునేదేమో.

చర్మవైద్యురాలికి మా అమ్మాయి వయసుంటుంది. నా బుగ్గను దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, మీరు ఐదో తరగతి" అంది. 1975లో హార్వర్డ్‌లో ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే చర్మవైద్యుడు ఎండకు కమిలే తీరును బట్టి చర్మాలను తరగతులుగా విడగొట్టాడట. అవి తరవాత ఆరయ్యాయి. మనవాళ్ళం చాలామందిమి నాలుగు, ఐదు తరగతుల్లో కూర్చుంటాం. ఈ తరగతుల వాళ్ళకు లేజర్ తగిలిన చోట గాయం మానుతూ మానుతూ నల్లమచ్చ మిగిల్చే ప్రమాదం ఎక్కువ. అందుకని ఎండ తగలకూడదు, వేడి తగలకూడదు, గోకకూడదు, పొట్టు పీకకూడదు. చలికాలమే మంచి అదను. గుంటలు పూర్తిగా పోవు, తగ్గుతాయి. ఆ తగ్గడమైనా వెంటనే కనిపించదు, లోపల కొత్త కొలాజెన్ పడడానికి నెలలు పడుతుంది. ఆ అమ్మాయి ఏదీ దాచకుండా చెప్పింది. నేను విన్నది "తగ్గుతాయి" అన్న ఒక్క ముక్కే.

ఖర్చు ఎంతో ఇక్కడ రాయను. ఈ పత్రిక మా ఇంటికి వస్తుంది. మా ఆవిడకు చెప్పిన అంకె ఒకటి, రసీదు మీద ఉన్నది మరొకటి. ఆ రసీదు ఇంట్లో లేదు.

క్లినిక్‌లో మొహమంతా తిమ్మిరి క్రీము పూసి, దాని మీద వంటింట్లో గిన్నెలకు చుట్టే పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి గంటసేపు కూర్చోబెట్టారు. కళ్ళకీ ముక్కుకీ నోటికీ మాత్రం దారి వదిలారు. ఆ గంటలో ఫోన్లో చదువుకోవడం నేను చేసిన తెలివితక్కువ పని. నా మొహం మీదికి రాబోయేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. దాన్ని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసింది మనవాడే, బారామతిలో పుట్టి పుణెలో ఇంజనీరింగ్ చదివిన కుమార్ పటేల్. అంతవరకూ గర్వంగానే ఉంది. అదే జాతి లేజర్‌తో కార్ఖానాల్లో ఉక్కు రేకులు కోస్తారన్న వాక్యం ఆ కిందే ఉంది.

దాని కిరణాన్ని నీళ్ళు ఇట్టే పీల్చుకుంటాయి. చర్మంలో ఉన్నది చాలావరకు నీరే కాబట్టి, తగిలిన చోట అది ఒక్కసారిగా ఆవిరై ఆ ముక్కనూ వెంట తీసుకుపోతుంది. పాతరోజుల్లో పైపొరంతా ఇలాగే లేపేసేవారట. మనిషి వారాల తరబడి పచ్చిపుండుతో ఉండేవాడు. 2004లో బోస్టన్‌లో మాన్‌స్టైన్, ఆండర్సన్ అనే వైద్యులు, వాళ్ళ బృందం ఒక ఉపాయం చెప్పారు: మొత్తం కాల్చకుండా కంటికి ఆనీ ఆనని సన్నటి చుక్కలుగా కాల్చి, చుక్కకూ చుక్కకూ నడుమ మంచి చర్మాన్ని వదిలేస్తే, ఆ మంచిదే పక్కనున్న గాయాన్ని తొందరగా పూడుస్తుంది. తరవాత ఈ లేజర్‌కీ ఆ పద్ధతే వచ్చింది. పని మొదలయ్యాక టకటకమని చప్పుడు, జుట్టు కాలిన వాసన, తిమ్మిరి క్రీము చేరని మూలల్లో చురుకులు. అయిపోయాక అద్దం ఇచ్చారు. ధనుర్మాసం. మా ఆవిడ వాకిట్లో పెట్టే చుక్కల ముగ్గు నా మొహం మీదికెక్కింది. గీతలు కలపడం ఒక్కటే తక్కువ.

అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది.

మా అమ్మకు ముందుగా చెప్పలేదు. ఆవిడకు ఎనభై దాటాయి. మా వాడికి సోకులు తెలియవమ్మా, దువ్వెన కూడా వాళ్ళావిడ చేతికిస్తేనే దువ్వుకుంటాడని పేటంతా చెప్పుకుంటుంది. పైగా ఈ గుంటల్లో సగం ఆవిడ కట్టిన ముళ్ళు విప్పుకుని చేసుకున్నవి. ఇన్నేళ్ళకు వాటిని పూడ్పించడానికి డబ్బిచ్చి వచ్చానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆ రోజు ఉన్న మొహం పెట్టుకుని అసలు చెప్పలేను. లిఫ్టులోంచి దిగి, మఫ్లర్ చుట్టుకుని, ఎండదెబ్బ అని గొణుగుతూ గదిలోకి పోయాను. బెజవాడ ఎండల మీద ఏ అబద్ధమైనా నడుస్తుంది. కాకపోతే అది డిసెంబరు.

రెండోరోజు పొద్దున్నకు మొహం వాచింది. కళ్ళు సగమే తెరుచుకున్నాయి. ఎర్రటి బుగ్గలు, వాటి నిండా చుక్కలు, చుక్కల మీద తేమ. అమ్మ తలుపు తోసుకుని వచ్చి, దగ్గరికొచ్చి చూసి, అక్కడికక్కడే చెప్పులు విడిచి చేతులు జోడించింది. నాకు కాదు.

"ఒరేయ్ నాన్నా, నీకు తల్లి పోసిందిరా!"

"అబ్బే, అది కాదమ్మా, ఎండ..."

"నోర్ముయ్. అమ్మవారిని కాదనకూడదు. తల్లీ, వీడికి తెలియదు, మన్నించు."

అప్పటికీ గట్టిగా ఖండిద్దామనే అనుకున్నాను. అంతలో ఆవిడ చూపు మంచం పక్కన మందుల మీద పడింది. లేజర్ తరవాత మొహం మీద హెర్పిస్ పొక్కులు విజృంభించే ప్రమాదముంటుంది. అది రాకుండా ముందుజాగ్రత్తగా ఎసైక్లోవిర్ బిళ్ళలిస్తారు. చిత్రమేమిటంటే ఆటలమ్మకు డాక్టర్లిచ్చేదీ అదే బిళ్ళ. రెండు వైరస్‌లూ ఒకే వంశానివి. మా అమ్మాయికి కాలేజీ రోజుల్లో ఆటలమ్మ పోసినప్పుడు ఆ బిళ్ళలు గంట తప్పకుండా వేసింది మా అమ్మే. ఆవిడ స్ట్రిప్పు ఎత్తి, వెలుతురులో పట్టుకుని, "ఇది పిల్లకిచ్చిన బిళ్ళే కదరా! ఎండదెబ్బకి ఇది ఇస్తారా?" అంది. అంత నిఖార్సయిన రోగ నిర్ధారణను ఎదుర్కొనే శక్తి నాకు లేకపోయింది. తల దించుకున్నాను. అది ఒప్పుకోలు కింద లెక్కైంది.

"ఒకసారి పోస్తే మళ్ళీ పొయ్యదంటారు. నీకు రెండోసారి వచ్చిందంటే నీమీద ఎంత దయో!" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేకపోయాను. తుడవకూడదంది డాక్టరమ్మ, అద్దాలి, అంతే.

గంటలో గుమ్మానికి వేపమండలు వెలిశాయి. ఈ నగరంలో అంత త్వరగా అంత వేపాకు ఎవరు తెచ్చారో తెలియదు, వాచ్‌మన్ మీద నాకు అనుమానం. నా దుప్పటి కింద ఒక పరుపు వేపాకు. మంచం పక్కన రాగిచెంబులో నీళ్ళు. అమ్మ నియమాలు చదవడం మొదలుపెట్టింది. గది దాటి బయటికి రాకూడదు. ఎండపొడ తగలకూడదు. గోకకూడదు. పొక్కు గిల్లకూడదు. సబ్బు, షాంపూ, గడ్డం గీసుకోవడం బంద్. కారాలు వద్దు. పొయ్యి దగ్గరికి రాకూడదు. నేను దిండు కింద నుంచి క్లినిక్ వాళ్ళిచ్చిన కాగితం తీసి పక్కకు తిరిగి చూసుకున్నాను. ఎండ వద్దు. గోకవద్దు. పొట్టు పీకవద్దు. ఘాటు సబ్బులు వద్దు. షేవింగ్ వద్దు. వంటింటి సెగకు, ఆవిరికి దూరంగా ఉండండి. అమ్మ కాగితమే వీళ్ళు ఇంగ్లీషులో అచ్చేయించి దానికి ఫీజు తీసుకున్నారు. తేడా ఒక్క పసుపు దగ్గరే. కాలిన చర్మం మీద ఇంటి లేపనాలేవీ రాయకూడదంది డాక్టరమ్మ. అమ్మ రాత్రి పదింటికి వేపాకు, పసుపు నూరిన గిన్నెతో పిల్లి అడుగులు వేసుకుంటూ వచ్చేది. నేను మేలుకునే ఉండేవాణ్ణి. ఉప్పునీళ్ళతో తడిపిన గాజు గుడ్డ మొహాన పరుచుకుని, "ఇప్పుడే తడి గుడ్డ వేశానమ్మా, చలవ" అనేవాణ్ణి. చలవ అన్న మాటకు ఆవిడ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

ఇంతవరకూ బాధ నా ఒక్కడిది. తల్లి పోసిన ఇంట్లో పోపు పెట్టకూడదు అన్న నియమంతో అది మా ఆవిడకు పాకింది.

నూనె కాగకూడదు. ఆవాలు చిటపటలాడకూడదు. ఇంగువ వాసన వీధికి వెళ్ళకూడదు. పోపు లేని పప్పు, పోపు లేని చారు, ఉడకబెట్టిన కూర, పెరుగన్నం. అదీ సంక్రాంతి ముందు, అరిసెలకు బియ్యం తడిపే రోజుల్లో. మా ఆవిడ ఇంట్లో నిజం తెలిసిన ఒకే ఒక్క మనిషి. మొదటి పూట నవ్వింది. మర్నాటికి నవ్వు ఆగింది. ఆ తరవాత పప్పు గిన్నె నా గది గుమ్మంలో పెట్టి, గొంతు తగ్గించి, "ఏమండీ, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది.

"ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు."

"మా పుట్టింటి వాళ్ళకి అరిసెలు పంపాలి. ఏమని చెప్పను? మా ఆయన అందానికి పెట్టుకున్నారు, అందుకని బూరెల మూకుడు ఎక్కించలేదని చెప్పనా?"

అసలు ఖర్చు కూడా అప్పుడే చెప్పేద్దామా అనిపించింది. ఒక కోపానికి రెండూ సరిపోతాయి కదా. ఆవిడ చేతిలో గరిటె చూసి విరమించుకున్నాను.

ఇక వాజలీన్ బతుకు. పుండు ఎండితే ఆలస్యంగా మానుతుంది, తడిగా ఉంటే త్వరగా మానుతుంది కాబట్టి పగలూ రాత్రీ మొహానికి పెట్రోలియం జెల్లీ పట్టించాలి. ఈ పదార్థానికీ ఒక చరిత్ర ఉంది. 1859లో ఛీస్‌బ్రో అనే కుర్ర కెమిస్టు పెన్సిల్వేనియా చమురు బావులకు వెళ్తే, అక్కడ పనివాళ్ళు పంపు కడ్డీలకు పట్టిన జిడ్డును కాలిన చోట్ల, కోసుకున్న చోట్ల రాసుకోవడం చూశాడు. దాన్ని శుద్ధి చేసి 1872లో పేటెంటు తీసుకున్నాడు. రోజూ ఒక చెంచాడు తింటానని చెప్పుకునేవాడు, తొంభై ఆరేళ్ళు బతికాడు. తినడం వరకూ నేను వెళ్ళలేదు గానీ, దిండు గలీబులు, ఫోను, తలుపు గడియ, పేపరు, నా కళ్ళజోడు అన్నీ తిన్నాయి. వాపు దిగడానికి రెండు దిళ్ళ మీద తల ఎత్తి వెల్లకిలా పడుకోవాలి. బోర్లా పడుకోవడం పుట్టుకతో వచ్చిన అలవాటు నాకు. నిద్రలో తిరిగినప్పుడల్లా మా ఆవిడ వీపు మీద ఒక్కటి చరిచేది. దానికి ఆవిడ ఎప్పుడూ విసుక్కోలేదు. ఆ సేవ ఒక్కటి మనస్ఫూర్తిగా చేసింది.

దురద గురించి ఎంత రాసినా తక్కువే. గాయం మానేటప్పుడు వచ్చే దురద పగలంతా ఎక్కడో తిరిగి, దీపం ఆర్పగానే ఇంటికొస్తుంది. కాఫీపొడి రంగు నలుసులు మొహమంతా లేచాయి. లేజర్ కాల్చిన చర్మం తునకలే అవి, వాటంతటవి రాలాలి. వాటి నడుమ నుంచి గడ్డం పెరగసాగింది. అదీ తెల్లగా. నేను తలకే రంగు వేస్తానని, గడ్డం రోజూ గీస్తాను కాబట్టి ఆ గుట్టు బయటపడలేదని ఇంట్లో వాళ్ళకు అప్పుడే తెలిసింది. నల్లటి జుట్టు, తెల్లటి గడ్డం, ఎర్రటి బుగ్గలు. అద్దంలో చూసుకుని కరిజ్మా ఆల్బమ్‌లో పెద్దమనిషికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. ఒక అర్ధరాత్రి చెయ్యి తనంతట తానే బుగ్గ మీదికి వెళ్తుంటే ఎవరో పట్టుకున్నారు. అమ్మ. నేలమీద చాప వేసుకుని పడుకుని ఉంది. కొంగులోంచి పాత పంచె గుడ్డ తీసి, నా రెండు చేతులకూ చుట్టి ముడేసింది. యాభై రెండేళ్ళ గెజిటెడ్ ఆఫీసర్ని. ఈసారి ముడి విప్పలేదు. ఆ చేతులతో సెల్‌ఫోన్ మాత్రం పట్టుకోలేకపోయాను, దానివల్ల కాస్త నిద్రపట్టింది.

వేపమండల వల్ల ఒక్క లాభం కలిగిన మాట చెప్పాలి. తల్లి పోసిన ఇంటి గడప ఎవరూ తొక్కరు. చిట్టీల ఆయన రాలేదు. బీమా ఏజెంటు రాలేదు. భోగి మంటల చందాకు వచ్చిన అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు లిఫ్టు తలుపు తెరిచి, మండలు చూసి, లోపల్నుంచే దండం పెట్టి మీట నొక్కేశారు. ఎదురింటి పిన్నిగారు మాత్రం గోడవతల నుంచే వైద్యం చెప్పారు. అది ఆటలమ్మ కాదు, ఈ వయసులో వచ్చేది సర్పి, జేగురు పూయించమని. ఆవిడ మాటలో సగం శాస్త్రముంది. చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ వైరస్ నరాల మొదళ్ళలో దాక్కుని, ముసలితనంలో సర్పిగా లేవచ్చు. నాకు శాస్త్రం నచ్చింది గానీ ఆ "ముసలితనం" నచ్చలేదు.

అమ్మ గది దాటొద్దన్నా, సెలవు అయిపోయాక ఆఫీసుకెళ్ళాను. మా ఆఫీసులో హాజరు ఫోనులో మొహం చూపించి వేసుకోవాలి. ఫోను ఎంతసేపు చూసినా నన్ను ఒప్పుకోలేదు. అటెండరు చూసి, "సార్, మొహానికి ఏదో తెల్లగా పూశారు, అది తుడుచుకోండి" అన్నాడు. అది సన్‌స్క్రీన్. జింక్ ఆక్సైడ్ ఉన్నది, మూడు గంటలకోసారి రాయాల్సినది. ఐదో తరగతి చర్మం మీద అది విభూతి రంగు తేలుతుంది. తుడిస్తే మచ్చ, తుడవకపోతే సెలవు కోత. ఒకపూట సెలవు పెట్టాను.

భోగినాటికి అమ్మ నీళ్ళు పోసి మండలు తీయించింది. మూకుడు ఎక్కింది. భోగిమంట దగ్గరికి అందరూ వెళ్ళారు, సెగ తగలకూడదు కాబట్టి నేను బాల్కనీలోంచి చూశాను. పండక్కి దిగిన చుట్టాలందరి ఎదుటా పదేపదే వెలుతురుకి తిరిగి కూర్చున్నాను. మా బావమరిది నన్ను తేరిపార చూసి, "ఏంటి బావా, చిక్కావు, షుగరు చూపించుకున్నావా?" అన్నాడు. మేనత్త జ్వరమేమన్నా వచ్చిందా అంది. అల్లుడు మాత్రం, "మావయ్యగారూ, మీ ఫోన్ కెమెరా మార్చారా?" అన్నాడు. ఇంతవరకూ నాకు దక్కిన మెప్పు ఇదొక్కటే, భద్రంగా దాచుకున్నాను.

గుంటలా? తగ్గాయి. నేను చెప్తే చూస్తారు, దీపం పక్కనుంచి వేస్తే కనిపిస్తుంది. ఇంకోసారి చేయించుకుంటే ఇంకొంచెం తగ్గుతాయంది డాక్టరమ్మ. ఈలోగా అమ్మ ఇంకో సంగతి బయటపెట్టింది. నాకు తగ్గితే మా ఊరి పోలేరమ్మకు చలిమిడి, పానకం, చీర, సారె ఇస్తానని, నేను గుడి దాకా చెప్పుల్లేకుండా నడుస్తానని మొక్కుకుందట. ఎప్పుడమ్మా అంటే, జాతర వేసవిలో అంది. మిట్టమధ్యాహ్నం.

మీలో ఎవరికైనా ఈ వైద్యం మీద మనసుంటే నిక్షేపంగా చేయించుకోండి. బ్యూటీపార్లర్లలో వద్దు, చదువుకున్న చర్మవైద్యుల దగ్గరే, ఎండలు ముదరకముందే. ఇంట్లో పెద్దవాళ్ళకు ముందే చెప్పండి, అరిసెలు అయ్యాక వెళ్ళండి. ఖర్చెంతో తెలుసుకోవాలంటే నాకు ఫోన్ చేయండి. సాయంత్రం ఆరు, ఏడు మధ్య చేయండి, ఆ వేళ మా ఆవిడ గుడికి వెళ్తుంది.